ఆ పిల్ల ఏడవలేదు

వానలు లేని ఏడు. ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో నేను బడి అయివారిని. మదరాసు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. కరువు పల్లెల్లో బిడ్డలను కొనుక్కుపోయే దళారుల మీద కథ. మంచి ఉద్దేశంతోనే తీస్తున్నారు. అమ్ముడుపోయే బిడ్డ వేషానికి నా బడిలో చదివే, ఒక గొర్రెల కాపరి కూతురిని నేనే చూపించాను. ఎనిమిదేళ్ళ పిల్ల.

రెండు రోజులైనా దానికి ఏడుపు రాలేదు. కెమెరాను చూస్తే నవ్వు.

"ఏమక్కా, నీ బిడ్డ ఇట్ల ఇకిలిస్తాంటే దళారోడు గూడా కొనడే!" అని చూడవచ్చిన ఆడవాళ్ళు తల్లిని ఆటపట్టించారు.

"కొనకపోతే మంచిదే. నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటాది," అంది తల్లి.

దర్శకుడు విసిగిపోయి వేరే పిల్లను చూసుకుంటామన్నాడు. నా మాట పోతుందని భయపడ్డాను. మా వైపు గొర్రెను అమ్మితే మెడతాడు కొన్నవాడికి ఇవ్వరు, అమ్మినవాడే విప్పుకుంటాడు. కాపరి బిడ్డకు అది తెలుసు. తల్లి వేషం కట్టిన నటికి బదులు కన్నతల్లే వచ్చి పిల్ల మెడలోని నల్లదారం విప్పితే చాలని చెప్పాను.

తల్లి వెనక్కు తగ్గింది. "వద్దు అయివారూ. పోయిన కరువులో దీని అక్కను పనికని పంపిస్తిమి, మళ్ళా రాలేదు. మీకు తెలీదా?"

తెలుసు.

"ఉత్త ఆటే కదమ్మా," అన్నాను.

"అయితే దానికి ముందే చెప్పండి."

"ముందే చెప్తే ఏడుపొస్తాదా? అయినాక నేను చెప్తాలే."

కెమెరా ముందు తల్లి నల్లదారం ముడి విప్పింది. పిల్ల నవ్వు ఆగిపోయింది. తల్లి మొహం ఒక్కసారి చూసి, తనే నడిచిపోయి దళారి వేషగాడి చెయ్యి పట్టుకుంది.

"ఆడ సంగటి పెడతారా?" అని అడిగింది.

అద్భుతమని దర్శకుడు కేకేశాడు.

నేను పరుగెత్తిపోయి ఇదంతా ఆట అని చెప్పాను. తల్లి ఎత్తుకోబోతే పిల్ల బిగుసుకుపోయింది. "అమ్మేస్తివి కదా," అంది. తల్లి నా వైపు తిరిగింది.

"చెప్తానంటిరే అయివారూ. చెప్పండి."

మళ్ళీ చెప్పాను. పిల్ల నా మొహం వైపు చూడలేదు.

ఆ ఘట్టం చూసి ఊళ్ళలో జనం ఏడ్చారని తర్వాత విన్నాను. పిల్లల అమ్మకం ఎంత పాపమో కళ్ళకు కట్టిందన్నారట. ఆ పాపంలో నా చెయ్యి ఉందని వాళ్ళకు తెలియదు. బడి వాకిట్లో కొత్త మనిషి ఎవరు నిలబడినా ఆ పిల్ల పలకను సంచిలో పెట్టుకుని లేచేది. నీకోసం కాదు, కూర్చో అనేవాణ్ణి. ఆ మనిషి వెళ్ళిపోయేదాకా కూర్చునేది కాదు.