కూర్మస్వామికి నేను చేసిన సేవ

పూజ చేసి కూడా పాపం మూటగట్టుకోవచ్చని ఈ ఏడాదే తెలిసిందండీ నాకు. నవ్వకుండా వినండి. నవ్వొస్తే చివర్లో నవ్వుకోండి.

మా కోడలు మౌనిక ఒక తాబేలు పిల్లను పెంచుతోంది. ఆఫ్రికా జాతిదట, పర్మిషన్ కాగితాలన్నీ ఉన్నాయి. అరచేతిలో ఇమిడిపోతుంది. ఆఫీసు ట్రైనింగ్ అని రెండు నెలలు హైదరాబాద్ వెళ్తూ దాన్ని నాకు అప్పగించింది.

"అత్తయ్యా, పొద్దున్నే మేడ మీద లేత ఎండలో తిప్పండి. మందారాకులు పెట్టి, వాటి మీద ఈ కాల్షియం పొడి చిటికెడు చల్లండి. అంతే. డిప్ప గట్టిపడే వయసు, మర్చిపోకండి."

"నాకు చెప్పాలటమ్మా!" అన్నాను.

మౌనిక ఎక్కిన ఆటో మలుపు తిరిగిందో లేదో, నాకు భక్తి పొంగింది. మందరగిరిని వీపున మోసిన స్వామి రూపం! తీసుకెళ్ళి మా భవానీపురం ఎండలో పడేయడమా? దేవుడి గదిలో పీట వేసి, పట్టుగుడ్డ పరిచి కూర్చోబెట్టాను. స్వామికి మందుపొడి ఏమిటని ఆ డబ్బా అటకెక్కించాను. రోజూ అరటిపండు, శుక్రవారం చక్కెరపొంగలి. డిప్ప నిగనిగలాడాలని నూనె రాసి, పైన గంధం బొట్టు. ఎదురింటి రాజ్యలక్ష్మి గారు వచ్చి, "సాక్షాత్తూ కూర్మావతారమే మీ ఇంటికొచ్చిందండీ వదినగారూ!" అని హారతి కళ్ళకద్దుకున్నారు. ఇంకేం కావాలి నాకు?

మౌనిక తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా వెళ్ళి పిల్లను ఎత్తుకుంది. డిప్ప మీద బొటనవేలు ఆనించింది. మొహం పాలిపోయింది.

"అత్తయ్యా... ఇది నొక్కుకుపోతోంది."

నేనూ ముట్టుకున్నాను. నానిన అట్టముక్కలా ఉంది. ఉన్నపళాన ఆటో ఎక్కాం. దారంతా నేను విష్ణు సహస్రనామం, ఆ అమ్మాయి కన్నీళ్ళు.

పశువుల డాక్టరు గారు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎండ తగల్లేదు, కాల్షియం అందలేదు. డిప్పంటే ఎముకేనమ్మా. ఇలాగే ఇంకొన్నాళ్ళయితే బతికేది కాదు. ఏం పెట్టారు?"

"నైవేద్యం" అన్నాను.

ఆయన రాస్తున్న పెన్ను ఆగిపోయింది. "ఈ జిడ్డేమిటి?"

"నువ్వులనూనె అండీ. శనివారం శనివారం."

"ఎక్కడ ఉంచారు?"

"దేవుడి గదిలో."

"అమ్మా, దేవుడు కూడా ఊరేగింపుకి బయటికొస్తాడు కదా!"

తలెత్తలేకపోయాను. వచ్చేటప్పుడు ఆటోలో మౌనిక నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ మర్నాటి నుంచి నేనే మేడెక్కాను. మోకాళ్ళు పట్టేసినా సరే, కాకులు రాకుండా చేతికర్రతో కాపలా. ఓ పక్క నీడ, ఓ పక్క ఎండ, ఎటు కావాలంటే అటు పోయేలా ఏర్పాటు. డాక్టరు గారు రాసిన చుక్కల మందు, ఆకుల మీద పొడి. నెలలు పట్టింది. మొన్న మళ్ళీ తీసుకెళ్తే ఆయన వేలితో తట్టి చూసి, "గండం గడిచిందమ్మా. గట్టిపడింది" అన్నారు. అక్కడే చేతులెత్తి దణ్ణం పెట్టేశాను. డాక్టరు గారికో, తాబేలుకో నాకే తెలీదు.

ఇప్పుడు మౌనిక పిలిస్తే చాలు, స్వామి మెడ ఇంత పొడుగు సాచి చూస్తాడు. నేను దగ్గరికెళ్ళానా, తలా కాళ్ళూ ఒక్కసారిగా లోపలికి! డిప్ప గట్టిపడింది కదండీ... ముందుగా నా మొహాన తలుపేసుకోవడానికే పనికొచ్చింది.