మా మనవరాలి చావు సీను

నిన్న సాయంత్రం కొత్తిమీర తుంచుతూ టీవీ వైపు తలెత్తితే, ఏదో సీరియల్లో ఒక పడుచుపిల్ల ఫొటోకు పూలదండ వేసి, ముందు దీపం పెట్టి చూపిస్తున్నారు. అది మా పిల్ల కాదు, ఆ మొహమే వేరు, అయినా నా చేతిలో కొత్తిమీర జారి నేల మీద పడింది. మా కోడలు నవ్వింది. నవ్వుతుంది మరి, ఆ రోజు సెట్టులో ఉన్నది నేను, తను కాదు.

మా మనవరాలు సినిమాల్లో, సీరియళ్లలో వేషాలు వేస్తుంది, పాడుతుంది కూడా. బళ్లారి వైపు సిరిగేరి వరిమళ్ల మధ్య పుట్టిన పిల్లకు ఆ గొంతు ఎక్కడిదని అందరూ అడుగుతుంటారు. నాదేనని చెప్పుకుంటే బాగుండదని ఊరుకుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రెండింట్లోనూ పాడేది. బళ్లారిలో ఏదో పాటల పోటీలో విని హైదరాబాదుకు పిలిచారు. నాట్ల కాలం వదిలిపెట్టి కొడుకూ కోడలూ పోలేరు, ఆడపిల్లను ఒంటరిగా పంపలేరు, కనుక అప్పటికి కాలూ చేయీ ఆడుతున్న నేను తోడు బయలుదేరాను. మన వయసు వాళ్లకు వేరే చెప్పాలా, ఆ ఊళ్లో దిగినప్పటి నుంచీ నాకు భయమే. లిఫ్టంటే భయం, మేకప్పు వేసే మగపిల్లలంటే భయం, పిల్ల ఎక్కిన కారు మలుపు తిరిగితే భయం. కానీ సీరియల్లో దానికి చెల్లెలి వేషమిచ్చి, దాని పాట దానిచేతే పాడించినప్పుడు, మా ఊరి అంగళ్లలో కూడా ఆ పాటే మోగుతోందని మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు, ఉబ్బిపోయానంటే ఉబ్బిపోయాను.

ఆ చెల్లెలిని చంపేస్తున్నారని నాకు షూటింగ్ రోజు పొద్దున, మేకప్పు గదిలో తెలిసింది. బయట వరండాలో పాడె కట్టి పెట్టారు, నిజమైన పాడె, పచ్చి వెదురుది. మా వైపు పిల్లలు ఆటకైనా చచ్చినట్టు పడుకుంటే వీపు పగలగొడతాం. అలాంటిది పెళ్లికాని పిల్లను పాడె ఎక్కించడమా! నేరుగా డైరెక్టరు దగ్గరికి పోయి, "ఏమప్పా, నీకు అక్కచెల్లెండ్లు లేరా? బతికిండే బిడ్డను పాడె మీద పండబెడతారా యాడైనా?" అని కడిగేశాను. పాపం, అతను కోప్పడలేదు. తమకూ ఆ పట్టింపు ఉందనీ, చచ్చిన వేషం వేసినవాళ్లు సీను కాగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలనీ, ఆ నవ్వును కూడా తీసి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీశాకే ఇంటికి పంపుతామనీ ఓపిగ్గా చెప్పాడు. మనవరాలు మాత్రం అద్దంలోంచి నన్ను చూసి, "సుమ్నే ఉండవ్వా, ఇది నా పని" అని నన్ను ఊరుకోమంది.

ముక్కుల్లో దూది పెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏడుపు రావాలని, అది పాడిన పాటనే స్పీకర్లో పెట్టారు. తన పాట మోగుతుంటే తానే శవమై పడుకున్న పిల్లను చూడలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. చాలాసేపు తీశారు. చివరికి కట్ అన్నారు, పాట ఆపారు, ఏడ్చేవాళ్లు కళ్లు తుడుచుకుని టీలకు పోయారు. మా పిల్ల లేవలేదు.

నవ్వు తీయడానికి కెమెరా సిద్ధం చేయించి డైరెక్టరు పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. వేళాకోళమనుకుని ఒకరిద్దరు నవ్వారు. మళ్లీ పిలిచాడు, ఈసారి అతని మొహంలో రంగు మారడం నేను చూశాను. అంతే, ఆ తర్వాత ఎలా పరుగెత్తానో, ఆ వైర్లు తట్టుకుని ఎక్కడ పడి లేచానో నాకే తెలియదు. దూది పీకేసి, చెంపలు తట్టి, "లేయే నా తల్లీ, లేయే!" అని నేను పెట్టిన కేకకు వీధిలో పోయేవాళ్లు కూడా లోపలికి వచ్చారు. స్వామీ, నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్యి అని ఎన్నిసార్లు అనుకున్నానో!

కళ్లు తెరిచింది. చింతనిప్పుల్లా ఉన్నాయి. అందరినీ చూసి, ఏదో తప్పు చేసినదానిలా, "నిద్దర పట్టేసిందవ్వా. నిన్నట్నుంచి రెండు సీరియళ్లాయె, యాడా పండుకునేకి పొద్దు చిక్కలే. ఈడ కండ్లు మూసుకోమన్నారు కదా..." అంది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నవ్వమ్మా అనగానే కెమెరా వైపు చూసి చక్కగా నవ్వింది, చాలనగానే ఆపేసింది. గుమ్మడికాయ పగలగొట్టి, ఇక ఏ కీడూ లేదన్నారు. నాకు అసలు భయం అప్పుడే పట్టుకుంది. ఊరూరా పాట మోగుతున్న పిల్లకు కాస్త కన్ను మూయడానికి పాడె తప్ప చోటు దొరకలేదా!

ఇప్పుడది సినిమాల్లో నటిస్తోంది, పాడుతోంది. నేను మోకాళ్లు అరిగి ఊరు చేరుకున్నాను. మధ్యాహ్నం పూట షాటుకూ షాటుకూ మధ్య కారవాన్‌లోంచి ఫోన్ చేసి, ఏదన్నా పాడవ్వా, నిద్దరొస్తాది అంటుంది. అంతమంది దాని పాట వింటుంటే దానికి నా బొంగురు గొంతు కావాలి. నాట్లప్పుడు పాడుకున్న పాటేదో అందుకుంటాను. మన కాలంలో పిల్లలు మన ఒళ్లోనే నిద్రపోయేవాళ్లు, పాడుతూనే చిన్ని పొట్ట పైకీ కిందికీ ఆడుతుంటే చెయ్యి వేసి చూసుకునేవాళ్లం, ధైర్యంగా ఉండేది. ఫోన్లో ఏం కనబడుతుంది? ఊ కొట్టడం ఆగిపోతుంది, ఇక చప్పుడే ఉండదు. నిద్రపోయింది, పోనీలే అని పెట్టేయాలి. పెట్టలేను. దొరక్క దొరక్క దొరికిన నిద్ర అని తెలిసి కూడా పేరు పెట్టి పిలుస్తాను, అది ఉలిక్కిపడి లేచి "ఏందవ్వా" అనేదాకా పిలుస్తూనే ఉంటాను.