సమాధి రాయితో వంటగట్టు

పోయిన ఏడాది మార్చి పదకొండు, మంగళవారం నాడు టెక్కలి డాక్టరు నా మోకాళ్లు రెండూ నొక్కి చూసి, ఇక నేలమీద కూర్చుని వండొద్దన్నాడు. యాభై మూడేళ్లుగా పీట మీద కూర్చునే వండాను. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన అక్క. ఆయన పోయి ఆరేళ్లు. నేను కూరలు తరిగి తాలింపు వేస్తే, వదిన పక్కన కూర్చుని గరిటె తిప్పుతుంది. నిలబడి వండే గట్టు కట్టించకపోతే ఇద్దరం పూండి హోటలు ఇడ్లీల మీద బతకాలి.

మర్నాడే టేపు తీశాను. నా మోచేతికి నాలుగంగుళాలు కిందికి, అంటే ముప్పై నాలుగంగుళాల ఎత్తు. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండు. శనివారం టెక్కలిలో రాళ్లకు పాలిష్ పట్టే షెడ్డుకి వెళ్లాను. వెనకాల మూడేసి అడుగుల నీలిరాయి పలకలు రెండు పడున్నాయి. ఒకదాని అంచు గుండ్రంగా కోసి ఉంది. ఎందుకు పారేశారని అడిగాను.

"సన్న గీత వొచ్చీసింది మామ్మా. ఫారినోళ్ల సమాదులకి పెట్టే రాయిది. గీతుంటే తీసుకోరు," అన్నాడు అక్కడి పనివాడు.

"గీతుందని ఆ సచ్చినాయన తగువెట్టుకుంటాడేటి?"

"ఆయనెందుకెడతాడు. ఆళ్లావిడ పెడతాది."

రెండూ తెచ్చేశాను. గుండ్రటి అంచు గుమ్మం వైపు ఉంటే నడుముకి కొట్టుకోదు కదా. దారంతా ఆటోవాడు నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి వదినకి మొత్తం చెప్పేశాడు.

"సమాది రాయి మీద వొండిన కూడు నాను తినను," అంది వదిన.

"దీని కింద ఎవులూ పడుకోనేదు వదినా. తిన్నగా మనింటికే వొచ్చింది."

"ఎవులి కోసం కోసినారో ఆళ్లదే."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెవి కమ్మల బంగారం ఏ గోతిలోంచి తీశారో, ఆ గోతిలో ఎంతమంది పడ్డారో నేనెప్పుడైనా అడిగానా? ముగ్గు వేసేది రాతిపిండితో. తాగేది స్టీలు గ్లాసులో, ఆ ఇనుము ఆకాశంలోంచి ఊడిపడలేదు. మోటారులో రాగితీగ, అరుగుకి సిమెంటు, అన్నీ వరసపెట్టి చెప్పాను. ఈ లెక్కన తవ్వకుండా మనింటికొచ్చింది చింతపండొక్కటే అన్నాను.

"కొబ్బరికాయ మర్సిపోనావు," అని అటుకుల డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. గట్టు ఇంకా లేవకముందే అలిగి మూడు రోజులు అటుకులూ అరటిపళ్లే తింది.

బుధవారం మేస్త్రి ఇటుక గోడలు లేపి, సిమెంటు వేసే ముందు పలకలు ఊరికే పెట్టి చూశాడు. వదిన టార్చిలైటుతో వచ్చింది.

"అడుగున పేరేటైనా సెక్కీసుంటారు, సూడు."

మేస్త్రి వంగి చూసి ఏమీ లేదన్నాడు. అయినా ఆవిడ కదల్లేదు. గట్టు ముందు నిలబడి, కూర కలుపుతున్నట్టు గరిటె ఎత్తింది. మోచెయ్యి భుజం దాటి పైకి పోయింది. వదిన నాలుగడుగుల ఆరంగుళాల మనిషి.

"గిన్నెలో ఏటుందో నాకగుపడదు. ఇంక నువ్వొండింది తినీసి మూల కూకోవాల నాను," అంది.

"ఇదా సంగతి? ముందే సెప్పొచ్చు గదా."

"టేపట్టుకున్న రోజు నన్నడిగినావేటి?"

అడగలేదు. కొలతలో నేను తప్పు చేయడం అరుదు, కానీ ఈసారి ఇంట్లో సగాన్ని కొలవడమే మర్చిపోయాను. అప్పుడు ఆవిడ మోచెయ్యి కొలిచాను. ముప్పై మూడు. నాలుగు తీస్తే ఇరవై తొమ్మిది. ఇద్దరికీ మధ్య ముప్పై ఒకటిన్నర.

"అరంగుళం లెక్కలు నావల్ల కాదు మామ్మా. ఒక ఇటుక వరస తీసేస్తే మూడంగుళాలు పోతాది," అన్నాడు మేస్త్రి.

తీయమన్నాను. ముప్పై ఒకటి. అర అంగుళం వదినకే లాభం. సిమెంటు ఆరాక శుక్రవారం పనసకాయ కూర పెట్టాం. నేను వంగాను, ఆవిడ మునివేళ్ల మీద నిలబడింది. గరిటె ముందు ఆవిడే తీసుకుంది. కూర దించేదాకా నాకివ్వలేదు.