గంగాధర్ రక్తాన్ని పారబోయకండి

నిన్న పొద్దున మేడమ్ గారి వంటింట్లో చేపలు కడుగుతుంటే ఫోన్ వచ్చింది. గంగాధర్ పోయాడట.

ఏ గంగాధర్ అని నాలుగుసార్లు అడిగాను.

మొన్న శుక్రవారమే నా చేతి పులుసు తిని వెళ్లాడు.

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, నర్సు లలిత టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చనని ఒట్టు వేయించుకున్నాను.

మాది అమలాపురం దగ్గర, వాడిది జగిత్యాల వైపు. ఇక్కడ సౌదీకొచ్చాక ఖోబర్‌లో నాది ఇంటిపని, దమ్మామ్‌లో వాడిది ల్యాబ్ డ్యూటీ. పద్నాలుగేళ్లు నన్ను అక్కా అని పిలిచాడు.

యుద్ధంలో జనం మీద విషవాయువు వదిలారా లేదా అని తేల్చడానికి తెచ్చిన మట్టి, బట్టలు, రక్తం ఆ ల్యాబ్ ఫ్రీజర్లలో దాస్తారు. సీల్ నంబర్లు చూడటం, టెంపరేచర్ రాయడం, తలుపు తీసిన ప్రతివాడి చేతా సంతకం పెట్టించడం వాడి పని. మేనేజర్‌ని కూడా ఊరికే వదిలేవాడు కాదు.

చచ్చినవాళ్ల బట్టలు ఉతికి వాళ్ల ఇళ్లకు పంపొచ్చు కదరా అని ఒకసారి అడిగాను.

"ఉతికితే ఏం మిగుల్తది అక్కా? వాళ్లను ఏం సంపిందో గా బట్టనే చెప్పాలె. నిన్ను లోపలికి రానిస్తే ఫ్రీజర్లను గూడ సబ్బువెట్టి తోముతవు" అని నవ్వాడు.

నిన్న తెల్లవారుజామున డ్యూటీలో ఊపిరాడక పడిపోయాడు. హార్ట్ ఎటాక్ అంటోంది కంపెనీ.

ఆసుపత్రిలో ఇచ్చిన బట్టల కవర్‌ను వాడి రూమ్మేట్ మధ్యాహ్నం నాకు ఇచ్చి వెళ్లాడు. యూనిఫాం ఛాతీ మీద పచ్చటి మరక, ఘాటు వాసన. భార్యకు మురికి చొక్కా ఎలా పంపను?

సర్ఫులో నానబెట్టి ఉతికేశాను.

ఆరేస్తుంటే రూమ్మేట్ ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో ఏదో సీసా పగిలి చొక్కా మీద ఒలికిందని తోటివాళ్లు చెప్పారట.

మరక కనిపిస్తే ఉతకడం తప్ప ఇంకేమీ తెలియని చేతులు ఇవి. నరుక్కోవాలనిపిస్తోంది.

ఇక మిగిలింది ఆసుపత్రిలో తీసిన రక్తం. నాలుగు రోజులు ఉంచి పారేస్తారంటోంది లలిత.

ఎంబసీలో తెలిసినవాళ్లున్న ఎవరైనా సరే, ఇవాళే వెళ్లండి. ఆ రక్తానికి సీల్ వేసి ఫ్రీజర్‌లో ఉంచమని లెటర్ రాయించండి. పరీక్షలో గుండెపోటే అని తేలితే కంపెనీ గేటు ముందు నిలబడి క్షమాపణ చెబుతాను.

పద్మా, నువ్వు వాడి భార్యవి. మామూలు చావు అని రాసి కంపెనీ పంపిన కాగితం మీద సంతకం పెట్టకమ్మా. బాడీ రావడం ఆలస్యమైతే కడుపు తరుక్కుపోతుంది, తెలుసు. నన్ను తిట్టు, శాపనార్థాలు పెట్టు. సంతకం మాత్రం పెట్టకు.

చొక్కా ఉతికింది నేనే. నా పేరు వీరమ్మ. ఎవరు అడిగినా, ఎక్కడికి పిలిచినా చెబుతాను. మేడమ్ టికెట్ కొట్టి పంపించేస్తానంటే, రక్తానికి సీల్ పడ్డాక పంపమనండి.

నిమ్మళంగా వెళ్లు తమ్ముడూ. నీ ఆత్మకు శాంతి కలగాలి. ఇక్కడి గొడవ నేను పడతాను.