ఇసకలో ఈదిన బండి

మునగడానికి నీళ్లే ఉండాలని రూలేమీ లేదు. నేను సముద్రం ఒడ్డున, నీళ్లకి బోలెడంత దూరంలో, పొడి ఇసకలో, పట్టపగలు, ఊరు ఊరంతా చూస్తుండగా మునిగిపోయాను. నన్ను పైకి తియ్యడానికి చేపల వల తాడు కట్టాల్సొచ్చింది. ఈ కథ మా ఇంట్లో ఎవరొచ్చినా చెప్తారు. చెప్పేది మా ఆవిడ. నేను పక్కన కూర్చుని పకోడీలు నములుతూ వినేవాణ్ణి. ఎలాగూ పరువు పోయింది, పోయిన పరువు గురించి చెప్పుకునే హక్కయినా నాకుండాలి కదేటి? అందుకని ఇవాళ నేనే చెప్తాను.

ముందు ఒక సంగతి. కొత్తవలసలో మాది ఇటుక, సిమెంటు, ఇసక అమ్మే కొట్టు. నేను తినే అన్నం, కట్టే లుంగీ అన్నీ ఇసకలోంచి వచ్చినవే. గుప్పెట్లోకి తీసుకుని ఓ నలుపు నలిపానంటే అందులో మన్నెంత కలిసిందో చెప్పేసేవాణ్ణి. ముసలి మేస్త్రీలు కూడా నా ముందు నోరెత్తేవారు కాదు. అలాంటివాడికి ఎవరైనా ఇసక గురించి చెప్తే వింటాడేటి?

ఆ పొగరు చాలదన్నట్టు పెళ్లయిన కొత్తలో ఓ మోటారు సైకిలు కొన్నాను. రోడ్డు మీదా పోతుంది, రోడ్డు లేనిచోటా పోతుంది అంటారే, ఆ రకం. చిన్న ఇంజను, సన్నటి ఒళ్లు, ముందు మడ్‌గార్డు కొంగముక్కులాగ పొడుచుకొచ్చి ఉండేది. నేనేమో మనిషిని పొట్టి. ఎక్కడానికి కాలు విసరాలి, దిగడానికి గట్టు వెతుక్కోవాలి. రాత్రి అన్నాలయ్యాక ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఎడారుల్లో ఎవరెవరో అలాంటి బళ్ల మీద నిలబడి ఇసక చిమ్ముకుంటూ పోయేవారు. ఇదేటి గొప్ప, మా లోడింగు కుర్రాళ్లు పొద్దస్తమానం ఇసకలోనే ఉంటారు కదా అనుకునేవాణ్ణి. నా బండి మాత్రం అప్పటిదాకా కొట్టుకీ, రైల్వే స్టేషనుకీ, ఒక్కసారి రామతీర్థం కొండ కింద దాకా తప్ప ఎక్కడికీ వెళ్లలేదు.

అలాంటి రోజుల్లో గౌరికి నెల తప్పింది. గౌరి అంటే కథ చెప్పే మా ఆవిడే. వేవిళ్లు అందరికీ వస్తాయిగాని దీనికి మరీ ఎక్కువగా వచ్చాయి. మంచినీళ్లు తాగినా కక్కీసేది. నాల్రోజులు వాళ్లమ్మ దగ్గర ఉంటే తేరుకుంటుందని పుట్టింటికి పంపించాం. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది మా అత్తారి ఊరు. వరిచేలు, జీడితోటలు, ఊరికి అవతల సరుగుడు తోట, ఆ తోటకి అవతల సముద్రం. శనివారం సాయంత్రం కొట్టు కట్టేసి బండేసుకుని బయల్దేరాను. వెళ్లి చూస్తే పిల్ల మంచానికి అంటుకుపోయి ఉంది. బుగ్గలు రెండూ లోపలికి పోయాయి.

మర్నాడు పొద్దున్నే పక్కన కూర్చుని, ఏటి తినాలనుంది చెప్పు, ఎక్కడున్నా తెస్తానన్నాను. మంచం మీంచి తలెత్తి అంది: "నెత్తళ్లు. సింతసిగురేసి పులుసు. ఐసులో పెట్టినవి వద్దు. వల్లోంచి అప్పుడే దులిపినవి కావాలి."

ఆ మాట చెప్పినప్పుడు దాని కళ్లు మెరిశాయి. అన్ని రోజుల తరవాత మెరిశాయి. ఇంక నేనాగుతానేటి?

నెత్తళ్లంటే వేలెడేసి చేపలు, వెండి ముక్కల్లాగ ఉంటాయి. అక్కడ పొద్దున పూట అలివి వల లాగుతారు. పడవలో పెద్ద వలని సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టూ దింపి, దాని రెండు తాళ్లనీ ఒడ్డు మీద రెండు గుంపులుగా నిలబడి లాగుతారన్నమాట. ఆ వల ఒడ్డుకి చేరేవేళకి మనం అక్కడుండాలి. ఆలస్యమైతే బేరగాళ్లు ఐసు పెట్టెల్లో సర్దుకుని పోతారు, మళ్లీ మర్నాడే.

బండి తీస్తుంటే మా అత్త చింతచిగురు దూస్తూ అరుగు మీంచి అంది: "అల్లుడుగోరూ, ఆ ఇసకలో బళ్లు నడవవు. సరుగుడు తోట్లో ఎట్టీసి నడిసి ఎల్లండి. మా ఊరోళ్లందరూ అలగే ఎల్తారు."

"నాకు ఇసక గురించి సెప్తన్నావేటత్తా?" అన్నాను.

ఆవిడ నా మొహం కేసి ఓసారి చూసి మళ్లీ చింతచిగురు దూసుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు ఆలూ ఉంది, చూలూ ఉంది, లేనిదల్లా బుద్ధే.

సరుగుడు తోట దాటేదాకా బ్రహ్మాండంగా పోయింది. కింద ఎండిన ఆకు పరుచుకుని పరుపులాగ ఉంది. తోట దాటి ఇసకలోకి దిగానో లేదో, నేను కుడికంటే ముందు చక్రం ఎడమకంది. కాసేపు ఇద్దరం వాదించుకున్నాం. అది నెగ్గింది. నేను పడ్డాను. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. ఎవరూ చూడని పడ్డం పడ్డం కాదని మా వ్యాపారంలో ఓ మాటుంది. లేకపోతే ఇప్పుడే పెట్టాను, రాసుకోండి.

లేచి వీడియోల్లోది గుర్తు చేసుకున్నాను. చక్రాల్లో గాలి తగ్గించాలి. పుల్ల పెట్టి సగం గాలి వదిలీసాను. మళ్లీ గాలి కొట్టుకోడానికి పంపు ఉండాలన్న సంగతి ఆ వీడియోలో చెప్పే ఉంటాడు, నాకప్పటికి నిద్రొచ్చేసి ఉంటుంది. రెండోది, నిలబడాలి. నిలబడ్డాను. మూడోది, దూరంగా చూడాలి, యాక్సిలరేటరు వదలకూడదు. దూరంగా సముద్రముంది, దాన్నే చూస్తూ వదలకుండా తిప్పాను. బండి పాములాగ మెలికలు తిరుగుతూ ఇసక దిబ్బ ఎక్కి, అవతలికి దిగి, ఒడ్డు దాకా పోయింది. ఆ కొంచెంసేపూ నా అంతటివాడు లేడు. గౌరి చూసుంటే బాగుణ్ననిపించింది. తరవాత వెనక చక్రం గుయ్యిమంటూ కిందకి దిగడం మొదలెట్టింది. దిగి, దిగి, ఇరుసు దాకా దిగి ఆగింది. నేను దిగాను. బండి పడలేదు. స్టాండు వెయ్యకుండానే కొలువుతీరిన దేవుడిలాగ నిలబడింది.

తల తిప్పి చూద్దును కదా, ఇరవై ముప్పైమంది మగా ఆడా వరసగా తాడు పట్టుకుని, వెనక్కి వాలి లాగుతూ, ఒక్కో అడుగే పక్కకి జరుగుతూ నా మీదకే వస్తున్నారు. వల దగ్గర పడేకొద్దీ రెండు గుంపులూ ఒకదాని వైపు ఒకటి జరగాలి. ఆ దారికి సరిగ్గా అడ్డంగా పాతుకుపోయింది నా బండి. వాళ్ల ముందున్నాయన వల సొంతదారు ఎర్రయ్య. ఆయన తాడు వదలకుండానే కేకేశాడు.

"బండి తీసీ బావా! సేప లోన తిరుగుతున్నాది, మేం ఆగడానికి లేదు!"

నేను కంగారుగా స్టార్టు చేసి ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. ఇసకేస్తే రాలనంత జనం అంటారు మనవాళ్లు. ఆవేళ అక్కడ అంత జనమూ ఉన్నారు, నేను ఇసకా వేశాను, శుభ్రంగా రాలింది. ఎర్రయ్య మీసాల నిండా ఇసక. వెనకవాళ్ల నోళ్లలో ఇసక. పక్కన బుట్ట పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ ముడి నిండా ఇసక. ఆవిడ పేరు పోలమ్మ, ఎర్రయ్య తల్లి, పడిన చేపని వాటాలు వేసేది ఆవిడే. తాడు వదిలితే వాళ్లకి చేప పోతుంది. వదలకపోబట్టి నేను బతికాను.

పోలమ్మ ముడి విప్పి దులుపుకుంటూ నా చక్రాల జాడ ఓసారి, కింద గొయ్యి ఓసారి చూసింది. "రేతిరి తాబేలొచ్చి గుడ్లెట్టీసి ఎల్లిపోనాదనుకున్నాను. నువ్వా నాయినా?" అంది. తాడు మీదున్న జనమంతా ఘొల్లుమన్నారు. నవ్వుతూ లాగుతున్నారు, లాగుతూ నవ్వుతున్నారు. ఎవరి అల్లుణ్ణో, ఎందుకొచ్చానో అడిగింది. ఇసక కొట్టు సంగతి తప్ప అన్నీ చెప్పాను.

ఒక్కొక్కరే బండి దగ్గరికి రాగానే తాడు దాని మీంచి ఎత్తి దాటించుకుంటున్నారు. ఎర్రయ్య నా పక్కకొచ్చి, ఊరికే నిలబడ్డం దేనికి, నువ్వూ ఓ చెయ్యెయ్యమన్నాడు.

"బండి వదిలితే పడిపోద్ది," అన్నాను నేను హేండిలు గట్టిగా పట్టుకుని.

ఇరుసు దాకా పాతుకున్న బండి ఎక్కడికి పడుతుందో నన్నడక్కండి. కొత్త బండి, నున్నటి హేండిలు, ఆ తడి తాడు చూస్తే చేతులు రాలేదు. ఇంకో ముక్క కూడా చెప్పేస్తాను, సిగ్గేసింది. ఎర్రయ్య రెండోసారి అడగలేదు.

ఇంతలో దిబ్బ మీద రెండు తలలు కనిపించాయి. మా అత్త, వెనకాల గౌరి. నేనెంతకీ రాకపోతే పిల్ల ఆకలికి ఆగలేక నడిచి వచ్చేసిందట. వచ్చి నన్ను చూసింది, బండిని చూసింది. నోటికి కొంగడ్డం పెట్టుకుని కిందే కూర్చుండిపోయింది. వాంతనుకుని నేను పరిగెత్తాను. తీరా చూస్తే నవ్వు. నెల్లాళ్లయింది అది నవ్వి. మా అత్త మాత్రం నవ్వలేదు. "ఇసక మంచి రకవేనా అల్లుడుగోరూ?" అని అడిగింది.

పోలమ్మ గౌరిని చిన్నప్పణ్ణించీ ఎరుగును. "ఒసే గౌరీ, నువ్వు లాగక్కర్లేదు. ఇలాగొచ్చి తాడు మీద సెయ్యి ఆనించు, సాలు," అంది. గౌరి వెళ్లి రెండు వేళ్లు ఆనించింది.

వల ఒడ్డెక్కింది. నెత్తళ్లు. ఎండలో గలగలమంటూ మెరిసిపోతున్నాయి. బేరగాళ్లకి ఇచ్చేది పక్కకి తీసి, తాడు పట్టిన వాళ్లకి పోలమ్మ దోసిళ్లతో వాటాలు పోసింది. గౌరి కొంగులో ఓ వాటా పోసి, ఆగి, ఇంకో వాటా పోసింది. "ఇది లోపలున్నోళ్లకి," అంది. నేను నా రుమాలు పరిచి పట్టుకున్నాను.

"నీకేటి? నువ్వు తాడు పట్టినావేటి?" అంది పోలమ్మ.

చుట్టూ చూశాను. గౌరి సముద్రం కేసి చూస్తోంది, భుజాలు మాత్రం అదురుతున్నాయి. నేను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

తరవాత అదే తాడు తెచ్చి నా బండి ముందు ఫోర్కుకి కట్టారు. వలకి పాడినట్టే హైలెస్సా అంటూ లాగారు. బండి గోతిలోంచి పెకిలి, ఇసకలో బోర్లా ఈదుకుంటూ అలల పక్కన గట్టి తడి ఇసక మీదకొచ్చింది. నేను దండం పెట్టి ఎక్కబోయాను. ఎర్రయ్య హేండిలు మీద చెయ్యేశాడు.

"ఆగు బావా. తాడు పట్టినోళ్లకే వాటా. ఈ బండి తాడు మేం పట్టినాం."

న్యాయం. ఒక్కొక్కరూ ఒక్కో రౌండు. తడి ఇసక మీద బండి చేపలాగ పోయింది. ఎర్రయ్య ఒక రౌండు కొట్టి వాళ్లమ్మని వెనకెక్కించుకున్నాడు. పోలమ్మ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో కొడుకు చొక్కా పట్టుకుని, రెండో చేత్తో మాకందరికీ దీవెనలిచ్చుకుంటూ పోయింది. నేను వరసలో ఆఖరివాణ్ణి. నా వంతు వచ్చేసరికి పెట్రోలయిపోయింది.

అప్పుడు రెండు గెడలు తెచ్చి బండికి అడ్డంగా కట్టి, తెప్పని మోసినట్టు భుజాల మీద మోసుకుంటూ సరుగుడు తోట దాటించి ఊళ్లోకి తెచ్చారు. ముందు గౌరి కొంగునిండా చేపలతో, వెనక ఊరేగుతున్న బండి, దాని వెనక నేను. ఊళ్లోకి వచ్చాక ఎదురైనవాళ్లు ఏ ఉత్సవమని అడిగారు.

ఆ మధ్యాహ్నం గౌరి అన్నం రెండుసార్లు అడిగి వేయించుకుంది. అది వేళ్లు నాకుతుంటే మా అత్త గుమ్మం వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, ఇసక పడిందని చెప్పి. తిన్నదేదీ బయటికి రాలేదు. నా కంచంలోకి మాత్రం పులుసే పడింది. చేప ఏదని అడిగితే మా ఆవిడ వేలు నాకుతూ, తాడు పట్టావేటి అంది.

ఇప్పుడా లోపలున్నది బడికెళ్తోంది. మొన్న ఇంట్లో మావిడిపండు కోసి ముక్కలు పంచుతుంటే, "నాన్నకి ఎందుకు? నేను పుట్టకముందే నాకు వాటా ఉంది, నాన్నకి లేదు కదా," అంది. వాళ్లమ్మ ఎంత బాగా చెప్తోందో చూడండి.

కాబట్టి, మా కొట్టు ముందున్న ఇసక గుట్ట మీద కుడిచెయ్యి వేసి, ఇరుగుపొరుగు మేస్త్రీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇసకని అమ్ముతాను, నలుపుతాను, జల్లెడ పడతాను, అవసరమైతే తింటాను కూడా. దాని మీద బండి మాత్రం ఎక్కను. ఇకమీదట ఎక్కడ ఏ తాడు కనిపించినా ముందు పట్టుకుంటాను, దేనికో తరవాత అడుగుతాను.