ఉపదేశంగా కాకుండా ఒక్క మాట

"క్షమించు తమ్ముడూ అని రాశావా? దాని కింద రాయి తల్లీ. క్షమించడం అన్ని గుణాల్లోకీ గొప్పది. కోపం మనిషిని లోపల్నుంచి..."

"బాబాయ్, మళ్లీ మొదలైంది" అన్నాను.

ఆయన నాలుక కరుచుకున్నాడు. నేను ఉత్తరం కాగితం చింపాను. పొద్దున్నుంచి ఇది నాలుగోది.

వంటగదిలోంచి పిన్ని అంది: "ఆయన తుమ్మినా ఉపదేశంగానే తుమ్ముతారు. నీకెందుకే ఈ తిప్పలు."

బాబాయ్ రేకుల కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. షిఫ్టుకు ముందు మైకులో జాగ్రత్తలు చదవడం ఆయన వంతు. యంత్రం ఆపకుండా చెయ్యి పెట్టకండి. కాగితం మీద ఉన్నది అంతే. ఆయన దానికి తోకలు తగిలించేవాడు: నిర్లక్ష్యం గురించి, ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ల గురించి. అందరూ 'సుద్దుల మైకు' అని పేరు పెట్టారు. మెల్లగా ఆ గొంతు ఇంటికీ వచ్చేసింది. ఉప్పు అడిగినా, పరామర్శకు వెళ్లినా అదే సాగదీత, చివర్లో వేలు పైకి.

బాబాయ్ తమ్ముడిదీ ఆ కార్ఖానాయే. ఒకరోజు యంత్రం ఆపకుండానే ఇరుక్కున్న రేకు లాగబోయాడు. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. ఆసుపత్రి మంచం పక్కన బాబాయ్‌కి ఏడుపు తన్నుకొచ్చిందట. నోరు తెరిస్తే మాత్రం, "రోజూ మొత్తుకుంటూనే ఉన్నాను. నిర్లక్ష్యం అనేది..." అని మొదలైంది. వార్డంతా విన్నది. తమ్ముడు గోడవైపు తిరిగిపోయాడు. పదకొండేళ్లయింది, మాటల్లేవు.

ఇప్పుడు తమ్ముడికి కాలేయం చెడిపోయింది. మహా అయితే పది రోజులన్నారు. నిన్న పిన్ని చూడ్డానికి వెళితే, "నువ్వు రా వదినా. ఆయన్ని మాత్రం తేకు. పోయేముందు సుద్దులు వినే ఓపిక లేదు" అన్నాడట.

"ఉత్తినే పక్కన కూర్చోవచ్చుగా, బాబాయ్."

"కూర్చుంటే వాడి చెయ్యి కనిపిస్తుంది. భయమేస్తే నాకు ఆ గొంతే వస్తుంది తల్లీ. ఇంకోటి లేదు నా దగ్గర."

పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయ్ చింపిన ముక్కలన్నీ ఏరి నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. వేలు పైకి లేవబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వెళ్లు. ఉత్తరం వద్దు. నాకు మాట పడిపోయిందని చెప్పు వాడికి. అలాగైతే రానిస్తాడేమో, అడిగి రా."