పటేలు కొత్త కారు ఊరేగింపు

ఈరోజు కరీంనగర్ నుమాయిషులో కార్ల ప్రదర్శనకు నా పాత కారు తీసుకెళ్లాను. దానికి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ముందు హ్యాండిల్ తిప్పితే గాని స్టార్టు కాదు. పోయినేడు దాన్ని నలుగురిలో కోళ్ల గంప అన్న హుస్నాబాద్ పటేలు కొత్త కారు ఇవాళ సరిగ్గా గేటు దగ్గరే ఆగిపోయింది. కలెక్టరు వచ్చి కార్లు చూసే వేళ అయింది.

"అన్నా, జర తాడు కట్టి గుంజు. ఎవ్వలు చూడకముందే లోపల పెడుదాం," అన్నాడు పటేలు.

"ఫికర్ చెయ్యకు పటేలా. సప్పుడు చెయ్యక కూసో," అన్నాను.

వేములవాడలో మొక్కుకున్నవాళ్లు కోడెను గుడి చుట్టూ తిప్పినట్టు, అతని కారును నా కారు వెనక తాడుతో కట్టి, హారన్ కొట్టుకుంటూ మైదానమంతా తిప్పాను. పటేలు తలమీద కండువా కప్పుకున్నాడు. వెనక కారు ఎవరిదని కలెక్టరు నవ్వుతూ అడిగారు. బండి ఆపి, పటేలు పేరు తండ్రి తాతలతో సహా చెప్పి, రెండో చుట్టు మొదలుపెట్టాను.

మీరైతే ఒక్క చుట్టుతో వదిలేవారా?